మాండొలిన్ ఎంపిక, అమరిక: విద్యార్థులకు కొన్ని సూచనలు

తంత్రీవాద్యం కొనదలచిన విద్యార్థి అంగడిలో ముందుగా అడిగేది ధర. తరువాత చూసేది రంగు, మెరుగు. వాద్యం శ్రుతిలో పలుకుతుందా లేదా అన్న ప్రశ్నను మూడవదిగానైనా అడిగేవారు అరుదు. కొన్న మూడు నెలలకు ఆ వాద్యం అటకెక్కుతుంది. "నాకు స్వరజ్ఞానం లేదు" అని విద్యార్థి తన మీద తానే తీర్పు చెప్పుకుంటాడు. మేము పరిశీలించినంతలో ఇట్టి తీర్పులలో చాలాభాగం అన్యాయమైనవి. లోపం చెవిలో లేదు. బ్రిడ్జిలోనో, మెట్లలోనో, దండి వంపులోనో ఉన్నది. నిజానికి ఆ విద్యార్థి చెవి బాగున్నందువల్లనే అపస్వరం వినబడింది, విసుగు పుట్టింది. కనుక చెవిని శంకించుటకు ముందు వాద్యాన్ని పరీక్షించవలెనన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన విషయం. ఆ పరీక్షకు గొప్ప సంగీత పాండిత్యం అవసరం లేదు. ఓపిక, ఒక చిన్న కొలబద్ద, నిశ్శబ్దంగా ఉన్న గది చాలును.

ముందుగా పేర్ల తికమకను తొలగించుకొనుట మంచిది. మన ప్రాంతంలో "బ్యాంజో" అని అడిగితే అంగడివాడు చూపేది తరచుగా బుల్‌బుల్ తరంగ్. పొడవాటి చెక్కపెట్టె మీద తీగెలు, వాటిపై టైపు మిషను మీటల వంటి మీటలు ఉంటాయి. ఎడమచేత మీట నొక్కి కుడిచేత తీగె మీటుతారు. ఉర్దూ తెలిసిన విద్యార్థులకు ఆ పేరులోని సొగసు వివరించనక్కరలేదు. ఇది ఇరవయ్యవ శతాబ్ది తొలిపాదంలో జపానులో రూపొందిన తైషోగోతో అనే వాద్యానికి మన దేశపు రూపం. ఖవ్వాలీ బృందాలలో దీనికి చక్కని స్థానమున్నది. అయితే పాశ్చాత్యులు బాంజో అనునది వేరు. దాని మూలం ఆఫ్రికా జాతులది. ముఖానికి పలకకు బదులు డోలు వలె చర్మం బిగించి ఉంటుంది. ఆ చర్మపు ముఖానికి యుకులేలి అనే హవాయి దీవుల నాలుగు తీగెల చిన్న వాద్యపు దండిని జతచేసినదే బాంజో యుకులేలి. యుకులేలి సైతం హవాయిలో పుట్టినది కాదు. 1879లో మదీరా దీవి నుండి హొనలులు చేరిన పోర్చుగీసు వలసకూలీలు తెచ్చిన చిన్న గిటారు నుండి అది వచ్చింది. బాంజో యుకులేలి 1920 దశకంలో మిక్కిలి ప్రచారం పొందింది. ఆంగ్లేయ హాస్యనటుడు జార్జి ఫార్మ్బీ (1904-1961) దానికి ప్రసిద్ధి తెచ్చాడు.

ఈ చర్మపు ముఖం గురించి కృష్ణా డెల్టా వారికి ఒక మాట చెప్పవలసి ఉన్నది. మన పల్లెలలో డప్పు కొట్టేవారు మేళానికి ముందు గడ్డిమంట వేసి డప్పు కాచుకొనుట అందరమూ చూచినదే. చర్మం గాలిలోని తేమను పీల్చి సడలుతుంది, వేడికి బిగుస్తుంది. డప్పుకు ఇది ఇబ్బంది కాదు, ఒక నిమిషం కాచుకుంటే సరిపోతుంది. కాని తీగెల వాద్యానికి చర్మం సడలితే దానిపై నిలిచిన బ్రిడ్జి కిందికి దిగుతుంది, శ్రుతి దిగుతుంది, తీగెలు మెట్లకు తగిలి గరగరలాడతాయి. మంట దగ్గర పట్టుకుందామన్నా దండి కలప, అతుకుల జిగురు ఒప్పుకోవు. అందుచేతనే 1950 దశకపు చివరి నుండి డోళ్ళ మీదా బాంజోల మీదా చర్మానికి బదులు పాలిస్టరు పొర వచ్చింది. బందరులో గాని నాగాయలంకలో గాని ఎవరికైనా బాంజో యుకులేలి లభించినయెడల, దానికి పాలిస్టరు ముఖం ఉన్నదో లేదో మొదట చూడవలెను. చుట్టూ ఉన్న కొక్కేలను ఒకవైపు నుండి వరుసగా బిగించక, ఎదురెదురు కొక్కేలను కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావలెను. తక్కిన అమరిక అంతా ఇక ముందు మేము మాండొలిన్‌కు చెప్పబోయేదే. రెండింటికీ బ్రిడ్జిని ముఖానికి అతికించరు, తీగెల ఒత్తిడే దానిని నిలబెడుతుంది.

మాండొలిన్‌నే ప్రధానంగా ఎన్నుకొనుటకు మాకు ఒక కారణమున్నది. ఈ ఇటలీ వాద్యం కర్ణాటక సంగీత సభలోకి ప్రవేశించిన చరిత్రలో మన గుడివాడకు ఒక పుట ఉన్నది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, 1978లో గుడివాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తన తొలి కచేరి చేశాడు. అప్పటికి ఆ బాలునికి పదేళ్ళు నిండలేదు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాద్యకారులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను బాలుడు ఆరేళ్ళ ప్రాయంలో చేతబట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండొలిన్ వాయించుట రాదు. వారు పాడి వినిపించేవారు, శిష్యుడు దానిని తీగెల మీద వెదకి పట్టుకునేవాడు. వాద్యం తెలియని గురువు వద్ద వాద్యం నేర్చుకున్న ఈ ఉదంతం మన విద్యార్థులు శ్రద్ధగా ఆలోచించదగినది. ఆ శిష్యునికి అనుకరించుటకు వేళ్ళ కదలిక లేదు, స్వరమొక్కటే ఉన్నది. 1981లో మద్రాసు సంగీతోత్సవాలలో వాయించిన పిదప ఆయన పేరు దేశమంతటా వినబడింది. 1998లో పద్మశ్రీ లభించింది. 2014 సెప్టెంబరు 19న, నలభై ఆరవ ఏటనే, చెన్నైలో కన్నుమూశారు. హిందీ చిత్రసీమలో సంగీత దర్శకులు సజ్జాద్ హుస్సేన్ (1917-1995) ఇదే వాద్యం మీద హిందుస్తానీ రాగాలు పలికించారు. ఒకే వాద్యం రెండు సంప్రదాయాలకూ లొంగిందన్నమాట.

లొంగింది గాని, ఊరకే లొంగలేదు. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది ఉక్కుతీగెలు ఉంటాయి. జతలోని రెండు తీగెలూ ఒకే స్వరానికి శ్రుతి చేయబడతాయి. వరుస వయొలిన్‌దే. ప్రతి జత తన పక్క జతకు పంచమ దూరంలో ఉంటుంది. జత తీగెల వల్ల నాదం నిండుగా వస్తుంది, చిన్న డొల్ల నుండి పెద్ద ధ్వని పుడుతుంది. అయితే గమకం కోసం తీగెను పక్కకు లాగినప్పుడు జతలోని రెండు తీగెలూ సమంగా సాగవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి స్వరం చీలుతుంది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్‌ను గ్రహించి, జతలు తొలగించి, ఒంటి తీగెలు ఐదు ఉంచుకున్నారు. జత పోయినందువల్ల తగ్గే ధ్వనిని విద్యుత్ యంత్రం పూరిస్తుంది. వాద్యాన్ని మార్చుకొనుట సంప్రదాయ విరుద్ధమని ఆనాడు గొణిగినవారు లేకపోలేదు. వయొలిన్ సైతం ఒకనాడు పరదేశపు వాద్యమే గదా అని మా సమాధానం.

ఇక వాద్యం స్వరూపం. నూజివీడు వీణలు ఎరిగిన మన ప్రాంతం వారికి వీణతో పోల్చి చెబితే సులువుగా బోధపడుతుంది. వీణ మెట్లు మైనంలో కూర్చబడతాయి. శ్రుతి తప్పినప్పుడు వీణలు చేసే ఆచారిగారు మైనం కరిగించి, చెవితో వింటూ, ఒక్కొక్క మెట్టును జరిపి మేళం కడతారు. మాండొలిన్ మెట్లు అట్లు కావు. అవి కర్మాగారంలో దండి మీద గాటులు కోసి శాశ్వతంగా దిగగొట్టినవి. ఒకసారి తప్పు కోస్తే ఇక సవరణ లేదు. కదల్చగలిగినది బ్రిడ్జి ఒక్కటే. దీనిని వీణవారు గుర్రమన్నారు, హిందుస్తానీవారు ఘోడీ అన్నారు. రెండు భాషలవారూ దానిలో గుర్రాన్నే చూచుట మాకు ముచ్చటగా తోచింది. ఆ గుర్రం నిలవవలసిన చోట నిలవకపోతే వాద్యమంతా దారి తప్పుతుంది.

మెట్ల లెక్క ఇట్లుంటుంది. బిరడల వైపు తీగెలు ఆనే చిన్న దిమ్మెను వీణ పరిభాషలో మేరువందాము. మేరువు నుండి బ్రిడ్జి దాకా ఉన్న దూరం మాండొలిన్‌లో సుమారు 35 సెంటీమీటర్లు. దానిని 17.817చే భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది, అనగా దాదాపు 19.6 మిల్లీమీటర్లు. మిగిలిన దూరాన్ని మరల అదే సంఖ్యచే భాగిస్తే రెండవ మెట్టు దూరం. ఇట్లు పన్నెండు మెట్లు వచ్చేసరికి సరిగా సగం దూరం, అనగా తారాషడ్జమం. కావున అంగడిలో చేయవలసిన మొదటి కొలత మేరువు నుండి పన్నెండవ మెట్టు దాకా. అది 17.5 సెంటీమీటర్లయితే, పన్నెండవ మెట్టు నుండి బ్రిడ్జి దాకా కూడా 17.5, దానిపై ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండవలెను. ఆ కొసరు ఎందుకనగా, నొక్కినప్పుడు తీగె సాగి స్వరం కొంచెం హెచ్చుతుంది. పొడవు పెంచి ఆ హెచ్చును తగ్గిస్తాము.

కొనేటప్పుడు తీగె పొడవునా దండిని చూడండి. తీగెను మొదటి మెట్టు వద్ద ఒక చేత, చివరి మెట్టు వద్ద మరొక చేత నొక్కి పట్టితే, బిగిసిన తీగె కొలబద్ద వలె పనిచేస్తుంది. మధ్య మెట్ల వద్ద తీగెకు, మెట్టుకు నడుమ సన్నని కాగితం దూరేంత సందు ఉంటే మేలు. తీగె మెట్లను తాకి కూర్చుంటే దండి వెనుకకు వంగినది. అగ్గిపుల్ల దూరితే ముందుకు వంగినది. లోపల ఇనుపకడ్డీ ఉన్న దండి అయితే సవరించవచ్చు, ఆ కడ్డీని ఒకసారికి పావు చుట్టుకు మించి తిప్పరాదు. కడ్డీ లేని దండి వంగి ఉంటే ఎంత చవకైనా వదలివేయుటే. ఎనిమిది తీగెల బిగువు కలిపి 70 కిలోలకు పైబడి దండిని లాగుతూ ఉంటుంది. నేడు కొంచెం వంగినది ఏడాదికి విల్లవుతుంది. పిదప ప్రతి తీగెను ప్రతి మెట్టు మీద నొక్కి మీటి చూడవలెను. ఒక మెట్టు వద్ద మాత్రమే గరగర ఉంటే దాని పైమెట్టు ఎత్తుగా ఉన్నదని గ్రహించండి. బిరడలు తిరిగేటప్పుడు జారకూడదు, పట్టేయకూడదు. ముఖపలక మీద బ్రిడ్జి దగ్గర గుంట పడలేదని పక్క నుండి చూచి నిర్ధారించుకొనవలెను.

ముఖపలక విషయంలో పుస్తకాలు చెప్పేదానికి మా సలహా కొంచెం భిన్నం. అఖండమైన స్ప్రూసు పలక నాదానికి శ్రేష్ఠమన్నది నిజం. కాని జూన్ నుండి నవంబరు దాకా తేమ, రోహిణి కార్తెలో వడగాడ్పు గల మన ప్రాంతంలో అఖండ పలక ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, ఒక్కొక్కప్పుడు చీలుతుంది. మొదటి వాద్యానికి పొరల చెక్క పలకయే మేలు. నాదం కొంత తక్కువైనా నిలకడ ఎక్కువ. నిండైన నాదం రెండవ వాద్యంలో వెదకుకొనవచ్చును.

ఇంటికి తెచ్చిన తరువాత అమరికకు ఒక క్రమమున్నది. ఆ క్రమం తప్పితే చేసిన పని మరల చేయవలసి వస్తుంది. మొదట కొత్త తీగెలు. తుప్పు పట్టిన తీగెకు మందం అంతటా సమంగా ఉండదు, దానితో ఏ పరీక్షా నిజం చెప్పదు. తరువాత దండి. తరువాత మేరువు: తీగెను మూడవ మెట్టు వద్ద నొక్కి, మొదటి మెట్టుపై ఉన్న సందు చూడవలెను. కాగితం మందం ఉంటే చాలు. అంతకు మించితే మేరువులోని గాడి లోతు చాలదు. మొదటి మెట్లపై పలికే స్వరాలన్నీ హెచ్చుగా పలుకుతాయి, వేళ్ళ కొనలూ నొచ్చుతాయి. చవక వాద్యాలలో మేము తరచుగా చూచిన లోపం ఇదే. విద్యార్థి మొదటి పాఠంలో నొక్కేది కూడా ఈ మొదటి మెట్లనే. గాడిని సన్నని ఆకురాయితో కొద్దికొద్దిగా, ప్రతి రుద్దుకూ తీగె వేసి చూచుకుంటూ లోతు చేయవలెను. ఎక్కువ అరిగితే దిమ్మె మార్చుటయే గతి.

అటుపిమ్మట బ్రిడ్జి ఎత్తు. పన్నెండవ మెట్టు పైన తీగెకు సుమారు ఒకటిన్నర నుండి రెండు మిల్లీమీటర్ల ఎత్తు ఉండవలెను. కొన్ని బ్రిడ్జిలకు ఎత్తు మార్చే చిన్న చక్రాలుంటాయి. లేనివాటికి అడుగును గరుకుకాగితంపై రుద్దవలెను. ముఖపలక కొంచెం గుండ్రంగా ఉన్నట్లయితే గరుకుకాగితాన్ని పలక మీదనే, గరుకువైపు పైకి ఉండేటట్లు పరచి, దానిపై బ్రిడ్జిని ముందుకు వెనుకకు రుద్దితే అడుగు పలక వంపుకు సరిపోతుంది. బ్రిడ్జి అడుగుకు, పలకకు నడుమ వెలుతురు కనబడరాదు. ఆ సందులోనే సగం నాదం పోతుంది.

చివరిది, మిక్కిలి ముఖ్యమైనది, బ్రిడ్జి స్థానం. తీగెను నొక్కకుండా, సరిగా పన్నెండవ మెట్టు పైన వేలిని ఆనీ ఆనకుండా ఉంచి మీటి, వెంటనే వేలు తీయండి. చిన్న గంట వంటి స్వరం వస్తుంది. అది తీగె సహజమైన తారాస్వరం, అబద్ధమాడదు. పిదప అదే మెట్టును నొక్కి మీటండి. రెండూ ఒకటైతే బ్రిడ్జి సరైన చోట ఉన్నది. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని మేరువుకు దూరంగా, తగ్గుగా ఉంటే మేరువు వైపుకు జరపవలెను. జరుపుట వెంట్రుకవాసిగా జరగవలెను, తీగెలు కొంత వదులు చేసి జరపవలెను. లావు తీగె వైపు, సన్న తీగె వైపు వేరువేరుగా పరీక్షించితే బ్రిడ్జి కొంచెం ఏటవాలుగా నిలుచుట కనిపిస్తుంది. అది దోషం కాదు. లావు తీగె నొక్కినప్పుడు ఎక్కువ హెచ్చుతుంది గనుక దానికి కొసరు ఎక్కువ. ఎత్తు సరిచేయకముందే స్థానం సరిచేసేవారున్నారు. ఎత్తు మారగానే తీగె సాగుట మారుతుంది, స్థానమూ మారుతుంది. క్రమం అవసరమన్నది ఇందుకే. స్థానం కుదిరిన తరువాత బ్రిడ్జి అడుగు చుట్టూ పెన్సిలుతో సన్నని గీత గీసి ఉంచుకుంటే, అది కదిలినా మరల వెదకనక్కరలేదు.

ఇంత చేసినా ఒక స్వరం చెవికి గుచ్చుకోవచ్చును. అది అంతర గాంధారం. తంబూరా మీటినప్పుడు తనంతట పుట్టే స్వయంభూ గాంధారం కంటె మెట్టుపై గాంధారం కొంచెం హెచ్చు. ఒక అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే అందులో 14 భాగాల హెచ్చు. పన్నెండు మెట్లనూ సమంగా పంచిన ప్రతి వాద్యంలోనూ, హార్మోనియంలోనూ ఈ తేడా ఉన్నది. ఇది మీ వాద్యపు లోపం కాదు, మీ చెవి లోపం అసలే కాదు. వీణకు మేళం కట్టే ఆచారిగారు చెవితో ఈ తేడాను సర్దగలరు. మాండొలిన్‌లో వేలితోనే సర్దుకొనవలెను. కర్మాగారపు లోపమేదో, పద్ధతిలోనే ఉన్న తేడా ఏదో తెలిసిన విద్యార్థి అనవసరంగా బ్రిడ్జిని జరపడు.

శ్రుతి విషయంలో మరొకటి. పాశ్చాత్య వరుసలో మందరం నుండి జి, డి, ఎ, ఇ. కర్ణాటక వయొలిన్ వలె స ప స ప కావలెనంటే మూడవ జతను ఎ నుండి జికి, నాలుగవ జతను ఇ నుండి డికి దించితే సరిపోతుంది. దించుటే గాని హెచ్చించుట లేదు గనుక తీగెలు తెగవు. జతలో ఒక తీగెను వేలితో ఆపి, రెండవదానిని శ్రుతి చేసి, పిదప మొదటిదానిని దానికి కలపవలెను. స్వరాన్ని ఎప్పుడూ కింది నుండి పైకి తెచ్చి ఆపవలెను, పైనుండి దించి ఆపితే బిరడ జారుతుంది. చేతిఫోనులో ఉచితంగా లభించే శ్రుతి సాధనం ఈ పనికి చాలును. కాని మొదట చెవితో చేసి, తరువాత దానితో సరిచూచుకొనవలెనని మా కోరిక.

బందరు, కోడూరు, నాగాయలంక వంటి సముద్రతీర ప్రాంతాల విద్యార్థులకు ఉప్పుగాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎగువ ప్రాంతంలో నెలల తరబడి నిలిచే ఉక్కుతీగె దివిసీమలో త్వరలోనే గరుకెక్కుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగెలను కిందివైపు కూడా తుడవవలెను. చేతి చెమట ఉప్పు, గాలి ఉప్పు ఒకటే. వాద్యాన్ని వర్షాకాలంలో బయటి గోడకు వ్రేలాడదీయరాదు, నేలపై ఉంచరాదు. పెట్టెలో ఉంచి, మందుల పెట్టెలలో వచ్చే తేమ పీల్చే గుళికల పొట్లాలు రెండు వేయవలెను. వర్షాలు మొదలైనప్పుడు ముఖపలక ఉబ్బి తీగెలు ఎత్తవుతాయి, ఎండలు ముదిరినప్పుడు దిగుతాయి. ఏటా రెండుసార్లు పన్నెండవ మెట్టు పరీక్ష చేసుకొనవలెను.

కళాశాల కార్యవర్గం పెద్దలకు మా మనవి ఒకటి. సాంస్కృతిక విభాగానికి వాద్యాలు కొనేటప్పుడు సంఖ్య చూచుట సహజం. అయిదు వాద్యాలు బీరువాలో ఉంటే నివేదికలో బాగుంటుంది. కాని శ్రుతి కుదరని అయిదింటి కంటె సక్రమంగా అమర్చిన రెండు మేలు. మిగిలిన సొమ్ముతో ఆకురాళ్ళు, గరుకుకాగితం, నాలుగు జతల కొత్త తీగెలు, ఒక ఉక్కు కొలబద్ద కొని, ఇద్దరు విద్యార్థులకు ఈ పని నేర్పించినయెడల ఏటేటా మరమ్మతు ఖర్చు ఉండదు. సొంతంగా వాద్యం కొనలేని విద్యార్థికి కళాశాల వాద్యమే తొలి వాద్యం. అది అపశ్రుతి పలికితే తన చెవినే శంకించి విరమించేది కూడా అతడే.

తీగెలు మార్చుట గురించి చెప్పి విరమిస్తాము. అన్ని తీగెలూ ఒక్కసారిగా విప్పినయెడల బ్రిడ్జి ఊడిపడి స్థానం పోతుంది. ఒకటి విప్పి, దాని చోట కొత్తది బిగించి, శ్రుతికి తెచ్చిన పిమ్మటే రెండవదానిని విప్పవలెను. పాత తీగె ముక్కలను గదిలో వదలివేయవద్దు. చెప్పులు లేని కాలికి అవి చేపముల్లు కంటె చెడ్డవి.